కన్ను చూసిందొకటి, కెమెరా తీసిందొకటి

పదో తరగతి ముగిసే రోజుల్లో తరగతి అంతా కలిసి ఫొటో తీయించుకోవడం మీ బడిలోనూ ఆనవాయితీయే కదా! 1985 ప్రాంతంలో నల్లజర్ల చుట్టుపక్కల ఒక హైస్కూలులో మేమూ అలాగే తీయించుకున్నాం. వేపచెట్టు కింద ముందు వరుసలో మాస్టార్లు కుర్చీలలో కూర్చున్నారు. వెనుక వరుసలో పదకొండు మందిమి భుజం భుజం ఆనించి నిలబడ్డాం. ఫొటోగ్రాఫరుగారు అయిదు మీటర్ల దూరంలో మూడుకాళ్ల స్టాండు వేసి, కెమెరాలోంచి చూసి, "అందరూ వచ్చారు, కదలకండి" అన్నారు. క్లిక్‌మంది.

వారం రోజులకు ఫొటోలు వచ్చాయి. వెనుక వరుసలో ఏడుగురు నిండుగా ఉన్నారు. ఇద్దరు సగం సగం ఉన్నారు. రెండు కొసల్లో నిలబడ్డ ఇద్దరు అసలే లేరు! ఫొటోగ్రాఫరుగారు మంచి మనిషి. ఫొటోలకు డబ్బు తీసుకోలేదు. "నా కన్ను ఒకటి చూసింది, కెమెరా ఒకటి తీసింది బాబూ" అని నొచ్చుకున్నారు. మళ్లీ తీద్దామంటే పరీక్షలు అయిపోయాయి, ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. కుడి కొసన నిలబడ్డ మా స్నేహితుడు కొల్లేరు వైపు చేపల చెరువుల పనికి వెళ్లాడు. వాడి చిన్ననాటి ఫొటో ఒక్కటీ మా దగ్గర లేదు.

కెమెరా చెడిపోలేదు. కటకమూ మంచిదే. మరి తప్పు ఎక్కడ జరిగింది? ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతే కాంతిశాస్త్రం, రేఖాగణితం, యంత్రశాస్త్రం మూడూ ఒకచోట కలుస్తాయి. రండి, వెతుకుదాం.

రెండు కిటికీలు, ఒక దూరం

ముందుగా ఒక చిన్న ప్రయోగం. చేయి చాచి బొటనవేలు నిలబెట్టండి. ఎడమ కన్ను మూసి వేలి వెనుక ఉన్న కిటికీ ఊచను గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు కుడి కన్ను మూసి, ఎడమ కన్ను తెరవండి. వేలు పక్కకు జరిగినట్లు కనబడుతుంది. వేలిని ముఖానికి దగ్గరగా తెస్తే ఇంకా ఎక్కువ జరుగుతుంది. చూసే చోటు మారితే వస్తువు జరిగినట్లు కనబడటాన్నే పారలాక్స్ అంటారు. ఎంత జరిగిందో కొలిస్తే ఎంత దూరంలో ఉందో చెప్పవచ్చు.

ఇదే పని పొలంలో చేద్దాం. ఆయిల్‌పామ్ తోటలో అవతల గట్టు మీద ఒక తాటిచెట్టు ఉందనుకోండి. ఇవతలి గట్టు మీద 20 మీటర్ల తాడు పరచండి. ఒక కొసన నిలబడి చూస్తే చెట్టు తాడుకు లంబంగా, అంటే 90 డిగ్రీలలో కనబడాలి. రెండో కొస నుంచి కోణమానినితో కొలిస్తే 80 డిగ్రీలు వచ్చిందనుకుందాం. కాగితం మీద 10 మీటర్లకు 1 సెంటీమీటరు చొప్పున త్రిభుజం గీయండి. చెట్టు దూరం 11.3 సెంటీమీటర్లు వస్తుంది. అంటే 113 మీటర్లు! తోట దాటకుండానే దూరం తెలిసింది. 1802లో లాంబ్టన్ మద్రాసు దగ్గర ఆధారరేఖను కొలిచి మొదలుపెట్టిన మహా త్రికోణమితి సర్వేకు మూలం కూడా ఈ త్రిభుజమే.

అయితే ఒక చిక్కు ఉంది. కోణం 80కి బదులు 79 అని పొరపాటుగా చదివితే దూరం 103 మీటర్లే వస్తుంది. 81 అని చదివితే 126 అవుతుంది. ఒక్క డిగ్రీ తేడాకు పది మీటర్లకు పైగా తప్పు! ఆధారరేఖ ఎంత చిన్నదైతే కోణాన్ని అంత సూక్ష్మంగా కొలవాలన్నమాట.

రేంజ్‌ఫైండర్ కెమెరాలో ఆధారరేఖ అరచేతి వెడల్పు కూడా ఉండదు. కెమెరా ముందువైపు రెండు చిన్న కిటికీలు ఉంటాయి. ఒక కిటికీలోంచి దృశ్యం నేరుగా కంటికి చేరుతుంది. రెండో కిటికీలోంచి వచ్చిన దృశ్యం లోపలి అద్దాల గుండా తిరిగి, మొదటి దృశ్యం మధ్యలో చిన్న మచ్చలా పడుతుంది. దూరం సరిపోకపోతే మనిషికి రెండు ముక్కులు కనబడతాయి. కటకం చుట్టూ ఉన్న రింగును తిప్పుతూ పోతే రెండు బొమ్మలూ దగ్గరకు జరిగి ఒకటవుతాయి. అప్పుడు కటకం సరైన చోట ఉందని అర్థం.

జర్మనీలోని వెట్జ్‌లార్‌లో లైట్జ్ సంస్థ తయారుచేసిన లైకా కెమెరాలు ఇందుకు పేరు పొందాయి. 1925లో వచ్చిన మొదటి లైకాకు దూరం కొలిచే ఏర్పాటు లేదు. 1932 నాటి లైకా రెండో నమూనాలో రేంజ్‌ఫైండరును కటకంతో జతచేశారు. తరువాత వచ్చిన ఎం రకం లైకాలలో ఆధారరేఖ సుమారు 69 మిల్లీమీటర్లు. ఒక మీటరు దూరంలో ఉన్న వస్తువుకు ఆ రెండు కిటికీల చూపుల మధ్య కోణం సుమారు 4 డిగ్రీలు. పది మీటర్లకు 0.4 డిగ్రీలు. వంద మీటర్లకు 0.04 డిగ్రీలు. ఇంత చిన్న కోణాలను పళ్లచక్రాలు, మీటలు, రోలర్లు కొలవాలి. ఆ పనితనమే రేంజ్‌ఫైండరుకు ప్రాణం.

కటకం ఎంత కదలాలి?

కుంభాకార కటకం పాఠం మీకు గుర్తుందా? చాలా దూరపు వస్తువు ప్రతిబింబం నాభి దగ్గర పడుతుంది. వస్తువు దగ్గరకు వచ్చేకొద్దీ ప్రతిబింబం నాభికి అవతలకు జరుగుతుంది. ఫిల్ము కదలదు కాబట్టి కటకమే ముందుకు జరగాలి. ఎంత జరగాలో లెక్క సులువే. నాభ్యంతరపు వర్గాన్ని, వస్తుదూరంలోంచి నాభ్యంతరం తీసివేయగా మిగిలిన దానితో భాగించండి. కటక సూత్రం నుంచి దీన్ని మీరే రాబట్టవచ్చు.

వస్తువు ఒక మీటరు దూరంలో ఉందనుకుని లెక్కిద్దాం.

28 మి.మీ. నాభ్యంతరం గల కటకం 0.81 మి.మీ. ముందుకు జరగాలి.
35 మి.మీ. కటకం 1.27 మి.మీ. జరగాలి.
50 మి.మీ. కటకం 2.63 మి.మీ. జరగాలి.
90 మి.మీ. కటకం 8.90 మి.మీ. జరగాలి.

చూశారా! వస్తువు అక్కడే ఉంది. దూరం మారలేదు. కటకాన్ని బట్టి కదలిక మాత్రం పదింతలకు పైగా మారింది. మరి కెమెరా లోపల ఉన్న రోలరు ఒకటే. కటకం వెనుక అంచును తాకుతూ, అది ఎంత జరిగిందో దాన్నిబట్టి దూరం చెప్పడం దాని పని. 0.81 జరిగినా, 8.90 జరిగినా "ఒక మీటరు" అనే చెప్పమంటే దానికెలా సాధ్యం?

రోలరుకు తెలిసింది ఒకే భాష

ఇంజనీర్లు ఒక ఒప్పందం చేసుకున్నారు. రోలరుకు ఒకే ఒక కటకం భాష వచ్చు. దానికి ప్రామాణికంగా తీసుకున్న నాభ్యంతరం 51.6 మి.మీ. మామూలు 50 మి.మీ. కటకం అనేదాని అసలు నాభ్యంతరం ఇదే. ఆ లెక్కన ఒక మీటరుకు రోలరు 2.8 మి.మీ. కదలాలి. మిగతా కటకాలన్నీ తమ కదలికను ఆ భాషలోకి తర్జుమా చేసి చెప్పాలి.

తర్జుమా చేసేది కామ్. ఇది వాలుగా కోసిన అంచుగల రింగు. కుట్టుమిషనులో చక్రం గుండ్రంగా తిరిగితే సూది పైకీ కిందికీ కదలడం చూశారు కదా. ఒక రకం కదలికను మరో రకం కదలికగా మార్చడం యంత్రాలకు కొత్త కాదు. 35 మి.మీ. కటకం తాను 1.27 మి.మీ. జరుగుతూనే, వెనుక ఉన్న కామ్ అంచును 2.8 మి.మీ. తోస్తుంది. 90 మి.మీ. కటకం తాను దాదాపు 9 మి.మీ. జరుగుతూ అదే అంచును అదే 2.8 మి.మీ. తోస్తుంది. రోలరుకు ఏ కటకం బిగించారో తెలియదు. తెలియనక్కరలేదు కూడా.

కటకం బిగించే అంచు నుంచి ఫిల్ముకు ఉండే దూరం కూడా ఈ ఒప్పందంలో భాగమే. పాత మరచుట్ల లైకాలలో ఇది 28.8 మి.మీ. 1954 తరువాతి ఎం రకంలో 27.8 మి.మీ. తేడా సరిగ్గా ఒక మిల్లీమీటరు. అందుకే పాత మర కటకాన్ని కొత్త కెమెరాకు తగిలించాలంటే మధ్యలో ఒక మిల్లీమీటరు మందంగల రింగు వేస్తే చాలు.

కటకం ఉండవలసిన చోటులో 0.1 మి.మీ. తేడా వస్తే ఏమవుతుంది? 50 మి.మీ. కటకంతో మూడు మీటర్ల దూరంలో ఉన్న అమ్మమ్మగారి నుదుటి బొట్టు మీద గురిపెట్టారనుకోండి. కటకం 0.1 మి.మీ. తప్పు చోట ఉంటే సుమారు 35 సెంటీమీటర్లు ముందో వెనుకో ఉన్నవి స్పష్టంగా పడతాయి. బొట్టు అలుక్కుపోతుంది, ఆమె కూర్చున్న కుర్చీ వీపు కోసుగా వస్తుంది! వ్యూఫైండరులో రెండు బొమ్మలూ చక్కగా కలిసే కనబడతాయి. తప్పు జరిగిందని ఫొటో కడిగాక గాని తెలియదు.

చట్రం లెక్క

దూరం సంగతి అయింది. ఇప్పుడు మా పదో తరగతి ఫొటో దగ్గరకు వద్దాం. ఫిల్ములో ఒక్కొక్క చిత్రం వెడల్పు 36 మి.మీ. కటకం వద్ద రెండు సరూప త్రిభుజాలు ఏర్పడతాయి. ఒకటి లోపల, ఒకటి బయట. 36ను నాభ్యంతరంతో భాగించి వస్తుదూరంతో గుణిస్తే ఎంత వెడల్పు దృశ్యం పడుతుందో వస్తుంది.

అయిదు మీటర్ల దూరంలో 35 మి.మీ. కటకం 5.14 మీటర్ల వెడల్పును పట్టుకుంటుంది. 50 మి.మీ. కటకం 3.6 మీటర్లనే పట్టుకుంటుంది. మనిషికి 45 సెంటీమీటర్ల చొప్పున పదకొండు మందికి 4.95 మీటర్లు కావాలి. 35కు సరిపోతారు. 50కి ఎనిమిది మంది వెడల్పే పడుతుంది. మిగిలిన ముగ్గురి వెడల్పులో అటు ఒకటిన్నర, ఇటు ఒకటిన్నర పోతుంది. అంటే రెండు వైపులా ఒకడు పూర్తిగా మాయం, పక్కవాడు సగం! మా ఫొటోలో జరిగింది అక్షరాలా ఇదే.

ఫొటోగ్రాఫరుగారి కెమెరా మీద సోవియట్ యూనియన్‌లో తయారైన వ్యూఫైండరు ఒకటి విడిగా తగిలించి ఉండేది. గుండ్రటి బిళ్ల మీద 28, 35, 50, 85, 135 కటకాలకు సరిపోయే అయిదు చిన్న కళ్లు. ఏ కటకం బిగిస్తే ఆ కన్ను ముందుకు వచ్చేలా చేత్తో తిప్పుకోవాలి. ముందు రోజు ఆయన పెళ్లిపందిట్లో 35 కటకంతో పని చేశారు. మా బడికి వచ్చేముందు 50 కటకం మార్చారు. బిళ్ల తిప్పడం మరిచారు. అంతే!

రిఫ్లెక్స్ కెమెరాలో అయితే ఈ పొరపాటు జరగదు. అందులో ఫొటో తీసే కటకంలోంచే కంటికి దృశ్యం అందుతుంది. రేంజ్‌ఫైండరులో కంటికి ఒక దారి, ఫిల్ముకు మరొక దారి. రెండూ ఏకాభిప్రాయంతో ఉండేలా చూడటమే అసలు సమస్య.

కటకమే కబురు చెబితే?

మరిచిపోయే పని మనిషికి వదలకూడదు. యంత్రానికే అప్పగించాలి. 1954లో వచ్చిన లైకా ఎం3 ఈ పని చేసింది. దానికి మరచుట్ల బదులు బయోనెట్ బిగింపు పెట్టారు. మన ఇళ్లలో పాత బల్బును హోల్డరులోకి తోసి కొంచెం తిప్పి బిగించేవాళ్లం కదా, అలాంటిదే. కటకం వెనుక రింగుకు నాలుగు రెక్కలు ఉంటాయి. అందులో ఒక రెక్క పొడవు కటకాన్ని బట్టి వేరుగా ఉంటుంది. బిగించినప్పుడు ఆ రెక్క కెమెరాలోని చిన్న మీటను తగినంత మేర తోస్తుంది. మీట కదిలితే వ్యూఫైండరులో ఆ కటకానికి తగిన వెలుగుగీతల చట్రం ప్రత్యక్షమవుతుంది. బిళ్ల తిప్పే పని లేదు, మరిచే ప్రసక్తి లేదు.

ఎం3లో 50, 90, 135 చట్రాలు ఉన్నాయి. ఆ వ్యూఫైండరులో దృశ్యం 0.91 వంతు పరిమాణంలో, అంటే ఇంచుమించు కంటికి కనబడినంత పెద్దదిగా కనబడుతుంది. అందువల్ల దూరం కొలవడం సూక్ష్మంగా జరుగుతుంది. అయితే 35 కటకం పట్టే విశాలమైన దృశ్యానికి అందులో చోటు చాలదు. తరువాతి నమూనాలలో దృశ్యాన్ని 0.72 వంతుకు కుదించి 35 చట్రాన్ని, 1980ల మొదట్లో 28 చట్రాన్ని కూడా ఇమిడ్చారు. వెడల్పు పెరిగింది, కొలత సూక్ష్మత కొంత తగ్గింది. ఒకటి కావాలంటే ఒకటి వదులుకోవాలి.

1984లో వచ్చిన ఎం6 నమూనాలో ఆరు చట్రాలు. మీటకు మాత్రం మూడు స్థానాలే. అందుకని జంటలు కట్టారు. మీట కటకం వైపు వాలితే 28, 90. నిటారుగా ఉంటే 50, 75. బయటికి వాలితే 35, 135.

ఈ వరుసను గమనించండి. 28, 50, 35! అంకెల వరుస కాదిది. ఈ చిన్న విషయం తరువాత పెద్ద చిక్కు తెచ్చింది.

ఒక దేహంలో మూడు కటకాలు

రిఫ్లెక్స్ కెమెరాలకు 1959లోనే జూమ్ కటకం వచ్చింది. వోక్ట్‌లాండర్ సంస్థ అమ్మిన జూమార్ అనే ఆ కటకం నాభ్యంతరాన్ని 36 నుంచి 82 మి.మీ. వరకు ఎక్కడైనా నిలపవచ్చు. రేంజ్‌ఫైండర్ లైకాకు అలాంటి సదుపాయం కోసం 1998 దాకా ఆగవలసి వచ్చింది. అప్పుడు వచ్చిన ట్రై-ఎల్మార్ కూడా అసలైన జూమ్ కాదు. 28, 35, 50 మి.మీ. అని మూడు మెట్లు మాత్రమే. ఎందుకంత ఆలస్యం? ఎందుకు మూడే? ఇప్పటిదాకా చదివిన మీరు కారణాలు ఊహించగలరు.

మొదటిది రోలరు. నాభ్యంతరం మారితే కటకం జరగవలసిన దూరం మారుతుంది. కామ్ అంచు మాత్రం ఎప్పటిలాగే 51.6 భాషలో మాట్లాడాలి. నాభ్యంతరపు రింగు ఎటు తిప్పినా రోలరు చలించకూడదు. దూరపు రింగు తిప్పితే మాత్రమే చలించాలి. పక్కపక్కనే తిరిగే రెండు రింగుల పనులను ఇలా విడదీయడం చిన్న పని కాదు.

రెండవది మీట. మామూలు కటకం రెక్క కదలదు. ట్రై-ఎల్మార్‌లో అలా ఉంటే 28 పెట్టినా, 50 పెట్టినా ఒకే చట్రం కనబడుతుంది. కాబట్టి నాభ్యంతరం మార్చినప్పుడల్లా మీటను తోసే భాగం కూడా కదలాలి. అది కదిలే వరుస ఏమిటి? నాభ్యంతరాల వరుస 28, 35, 50. మీట వరుస 28, 50, 35. 28 నుంచి 35కు పోయేటప్పుడు మీట ఈ కొస నుంచి ఆ కొసకు పోవాలి. 35 నుంచి 50కి పోయేటప్పుడు వెనక్కి మధ్యకు రావాలి. రెండు వరుసలకూ పొత్తు కుదిర్చే కామ్‌ను ఆ సన్నటి రింగులో ఇరికించారు.

మూడవది చట్రాలు. కెమెరాలో చట్రాలు కొన్నే ఉన్నాయి. 42 మి.మీ. చట్రం లేదు. కటకం 42 వద్ద ఆగితే కంటికి చూపడానికి ఏమీ ఉండదు. అందుకే మెట్లు.

కటకపు వెలుతురు పరిమితి ఎఫ్/4. ఇది తక్కువే. అయితే రంధ్రం చిన్నదైనందువల్ల దూరంలో కొద్దిపాటి తప్పు వచ్చినా మసక తగ్గుతుంది. ఎఫ్/2 వద్ద 0.1 మి.మీ. తప్పుకు ఫిల్ము మీద చుక్క 0.05 మి.మీ. వెడల్పున అలుక్కుంటే, ఎఫ్/4 వద్ద అందులో సగమే అలుక్కుంటుంది.

ఎక్కడ పేచీ వస్తుంది?

1954 నుంచి ఎం బిగింపు మారలేదు. కాబట్టి ట్రై-ఎల్మార్ పాత ఎం3కి కూడా చక్కగా బిగుస్తుంది. బిగిసినంత మాత్రాన పొత్తు కుదిరినట్లేనా?

ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్లారనుకోండి. కొల్లేటి నీళ్లలో పడవ మీద కూర్చున్నారు. ఇరవై మీటర్ల దూరంలో గూడబాతులు చెట్టు కొమ్మ మీద పిల్లలకు మేత పెడుతున్నాయి. మీ చేతిలో ఎం3, దానికి ట్రై-ఎల్మార్. నాభ్యంతరం 35కు తిప్పారు. మీట బయటికి వాలింది. ఎం6లో అయితే 35, 135 రెండు చట్రాలూ కనబడేవి. ఎం3లో 35 చట్రం లేదు. ఎప్పుడూ ఉండే 50 చట్రంతోపాటు 135 చట్రమే కనబడుతుంది! ఇరవై మీటర్ల దూరంలో ఆ 135 చట్రం 5.3 మీటర్ల వెడల్పు చూపిస్తుంది. గూడు చట్రం నిండా ఉందని సంబరపడి మీట నొక్కుతారు. కటకం పట్టింది మాత్రం 20.6 మీటర్లు. మీరు చూసిన దృశ్యం ఫొటోలో దాదాపు పదిహేనో వంతు చోటులో, మధ్యలో చిన్న ముక్కగా పడుతుంది. అదే 28 పెడితే ఎం3లో 90 చట్రం వస్తుంది. 50 పెడితేనే నిజం చెబుతుంది. దూరం మూడింటికీ సరిగానే కుదురుతుంది. రోలరు భాష మారలేదు గదా! మారింది చట్రం భాష.

మా ఊరి ఫొటోగ్రాఫరుగారు బిళ్ల తిప్పడం మరిచారు. ఇక్కడ యంత్రం మరవలేదు, నమ్మకంగా అబద్ధం చెప్పింది. రెండింటిలో రెండోది ఎక్కువ ప్రమాదం కాదూ?

అరుగుదల మరో పేచీ. మీటను తోసే భాగం ఏళ్ల తరబడి వాడకంలో అరిగితే, మీట చేరవలసిన చోటికి చేరదు. చట్రం రెండు జంటల మధ్య తటపటాయిస్తుంది. కదలని రెక్కకు ఈ బాధ తక్కువ. కదిలే భాగాలు ఎక్కువైతే సౌకర్యమూ ఎక్కువే, చెడే అవకాశమూ ఎక్కువే.

వెనుక జాగా ఇంకో పేచీ. 1971 నాటి ఎం5లో, 1973 నాటి లైకా సీఎల్‌లో వెలుతురు కొలిచే చిన్న చేయి ఒకటి కటకం వెనుకకు వచ్చి నిలబడుతుంది. ఫొటో తీసే క్షణంలో తప్పుకుంటుంది. కొన్ని పాత విశాలకోణ కటకాల వెనుక భాగం కెమెరా లోపలికి బాగా చొచ్చుకుని ఉంటుంది. వాటిని బిగిస్తే ఆ చేయి దెబ్బతింటుంది. లోనికి మడిచే గొట్టం కటకాలతోనూ అదే భయం. బిగింపు ఒకటే, భాష ఒకటే, కాని గది చాలదు!

వేరే దారులు

ట్రై-ఎల్మార్ తరువాత జపాన్‌లోని కొనికా సంస్థ 21, 35 మి.మీ. అనే రెండు మెట్ల కటకం చేసింది. 2006లో లైకా 16, 18, 21 మి.మీ. మెట్లతో మరో ట్రై-ఎల్మార్ తెచ్చింది. ఇంత విశాలమైన చట్రాలకు కెమెరాలోపల చోటు లేదు. అందుకని మళ్లీ కెమెరా నెత్తిన విడి వ్యూఫైండరు తగిలించి, దాని చక్రాన్ని చేత్తో తిప్పుకోవాలి. తిరిగి తిరిగి మా ఫొటోగ్రాఫరుగారి దగ్గరకే వచ్చాం!

1996లో వచ్చిన కాంటాక్స్ జీ2 మరో దారి పట్టింది. దానిలో కటకం కబురు విద్యుత్ సంకేతాలుగా కెమెరాకు చేరుతుంది. వ్యూఫైండరే కటకంతోపాటు జూమ్ అవుతుంది. అందువల్ల 35 నుంచి 70 వరకు నిజమైన జూమ్ దానికి వీలైంది. కాని అదే కుటుంబంలోని అన్న అయిన జీ1కు ఆ కటకం పనికిరాదు. రెక్కల భాష పోయి విద్యుత్ భాష వచ్చినా పేచీ పోలేదు.

ఇంట్లో ఎవరి సెల్‌ఫోనైనా వెనక్కి తిప్పి చూడండి. రెండో మూడో కళ్లు ఉంటాయి. చాలా ఫోన్లలో ఒక్కొక్క కన్నుకు ఒక్కొక్క నాభ్యంతరం. దగ్గరి వస్తువును చూస్తూ ఒక కన్ను నుంచి మరో కన్నుకు మారితే దృశ్యం కొద్దిగా ఎగిరి పక్కకు జరుగుతుంది. మొదట్లో బొటనవేలితో చూసిన పారలాక్స్ అదే! కొన్ని ఫోన్లు రెండు కళ్లనూ కలిపి రేంజ్‌ఫైండరులా దూరం అంచనా కడతాయి. మనిషి ముఖం స్పష్టంగా, వెనుక దృశ్యం మసకగా చూపడానికి ఆ అంచనా పనికివస్తుంది. అద్దాలు, రోలర్లు చేసిన పని ఇప్పుడు లెక్కలు చేస్తున్నాయి. త్రిభుజం మాత్రం మారలేదు.

మీరే చేసి చూడండి

ఒకటి: మీ నోటు పుస్తకంలో వంద కాగితాలను గట్టిగా నొక్కి స్కేలుతో మందం కొలవండి. వందతో భాగిస్తే ఒక కాగితం మందం వస్తుంది. 0.1 మి.మీ. అంటే ఎంతో అప్పుడు వేలి కొసకు తెలుస్తుంది. కెమెరా పనివాడు దానికన్నా తక్కువ తేడాతో పని చేయాలని గుర్తుంచుకోండి.

రెండు: అట్టముక్కలో 36 మి.మీ. వెడల్పు, 24 మి.మీ. ఎత్తు గల కిటికీ కోయండి. స్కేలు సాయంతో దాన్ని కంటికి 50 మి.మీ. దూరంలో పట్టుకుని మీ తరగతి గోడను చూడండి. తరువాత 35 మి.మీ. దూరంలో పట్టి చూడండి. ఎన్ని బెంచీలు ఎక్కువ కనబడ్డాయో లెక్కపెట్టి, పైన చెప్పిన సూత్రంతో పోల్చండి.

మూడు: 28 మి.మీ. కటకం మూడు మీటర్ల దూరంలోని వస్తువుకు ఎంత జరగాలో లెక్కించండి. అదే పనికి 90 మి.మీ. కటకం ఎంత జరగాలి? ఏ కటకం కామ్‌ను చెక్కడం కష్టమో మీ స్నేహితులతో చర్చించండి.

ఈసారి మీ తరగతి ఫొటో తీసేటప్పుడు సెల్‌ఫోను పట్టుకున్నవారిని ఒక్క మాట అడగండి: "తీసిన ఫొటోలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టారా?" అక్కడికక్కడే చూసుకునే వీలు మీకుంది. మాకు వారం పట్టింది. ఆ వారంలో ఒకడు చేజారిపోయాడు. మా పాత ఫొటో ఇప్పటికీ నా దగ్గర ఉంది. కుడి కొసన సగం భుజం, దాని పక్కన వేపచెట్టు నీడ. అవతల వాడు నిలబడే ఉన్నాడని, నవ్వుతూనే ఉన్నాడని, 67 సెంటీమీటర్ల తేడాతో తప్పిపోయాడని నాకు లెక్క తెలుసు.